గీకే కోడ్, కిండిల్, గూగుల్ ప్లే: ఆన్‌లైన్ పుస్తకం కొంటే చేతికి ఏమొస్తుంది

విజయవాడ ఏలూరు రోడ్డు మీద కొట్టులో పుస్తకం కొంటే అది మీ సొత్తు. చదవడం అయ్యాక లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వాళ్లకు అమ్ముకోవచ్చు, తమ్ముడికి ఇవ్వొచ్చు, పదేళ్లు బీరువాలో దాచుకోవచ్చు. అదే పుస్తకం ఆన్‌లైన్లో కొంటే అమ్ముకోవడం లేదు, ఒకరికి ఇవ్వడం చాలా చోట్ల లేదు, పదేళ్ల మాట ఎవరూ రాసివ్వరు. అక్కడ మీరు డబ్బు కట్టేది చదువుకునే అనుమతికి. అనుమతి అన్నాక షరతులుంటాయి: ఎవరి ఖాతాకు, ఎన్నాళ్లకు, ఎన్ని ఫోన్లకు, ఏ దేశంలో. ఈ నాలుగూ తెలుసుకుని కొన్నవాళ్లకు ఆన్‌లైన్ పుస్తకం మంచి బేరమే. తెలుసుకోకుండా కొన్నవాళ్లకు సరిగ్గా పరీక్షల ముందు వారం ‘మీ గడువు ముగిసింది’ అని కనపడుతుంది.

విజయవాడ, గుంటూరు విద్యార్థులకూ పాఠకులకూ మామూలుగా ఎదురయ్యే రకాలను ఒక్కొక్కటే చూద్దాం. గీకే కోడ్ దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నాం, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే.

గీకే కోడ్‌తో వచ్చే పాఠ్యపుస్తకాలు

మెడికల్, నర్సింగ్, ఇంజినీరింగ్ పుస్తకాల్లో కొన్నింటికి ముందు అట్ట లోపలో, మొదటి పేజీ వెనకో బూడిద రంగు పట్టీ ఉంటుంది. దాని కింద అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఉంటుంది. ప్రచురణ సంస్థ సైటులో ఖాతా తెరిచి ఆ కోడ్ కొడితే పుస్తకం ఆన్‌లైన్ ప్రతి, దాంతోపాటు వీడియోలు, ప్రశ్నల బ్యాంకు లాంటివి తెరుచుకుంటాయి. కోడ్ పనిచేసేది ఒక్కసారే, ఒక్క ఖాతాకే. ఈ ఒక్క వాక్యం నుంచే మిగతా జాగ్రత్తలన్నీ పుట్టుకొస్తాయి.

బిల్లు కొట్టించకముందే కోడ్ పేజీ తీసి చూడండి. పుస్తకానికి ప్లాస్టిక్ కవరు సీలు ఉంటే కొట్టువాళ్ల ఎదుటే విప్పించండి. పట్టీ మీద గీత పడ్డా, మూల లేచినా ఇంకో ప్రతి అడగండి. ‘ఫర్వాలేదండీ, పనిచేస్తుంది’ అన్నారని తీసుకోవద్దు. గీకినట్టు కనపడే పుస్తకాన్ని ఇంటికి తెచ్చాక వెనక్కి తీసుకునే కొట్టు దొరకదు, వాళ్ల దగ్గర నుంచి ప్రచురణ సంస్థా తీసుకోదు. పట్టీ బాగుందని తేలాక దాని చుట్టూ ఉన్న సన్నక్షరాలు చదవండి. అక్కడ రెండు వేర్వేరు గడువులు ఉండొచ్చు. ఒకటి, కోడ్‌ను ఏ తేదీలోపు వాడుకోవాలి అన్నది. రెండోది, వాడిన రోజు నుంచి ఎన్ని నెలలు నడుస్తుంది అన్నది. చాలామంది రెండోది చూసి ‘12 నెలలు ఉంది కదా’ అనుకుని మొదటిది వదిలేస్తారు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో తగ్గింపు ధరకు దొరికే పాత స్టాకులో ఈ మొదటి గడువు దాటిపోయిన ప్రతులు ఉండే అవకాశం ఉంది. అచ్చు పుస్తకం కోసమైతే అది మంచి ధరే, కోడ్ కోసమైతే కాదు.

12 నెలల లెక్క మొదలయ్యేది కొన్న రోజు నుంచి కాదు, కోడ్ కొట్టిన రోజు నుంచి. అందుకని పుస్తకం తెచ్చిన ఉత్సాహంలో ఆ రాత్రే గీకడం తప్పు. కాలేజీ అడ్మిషన్ అప్పుడే సెట్టు మొత్తం కొనేసినవాళ్లు, రెండో ఏడాదిలో అవసరమయ్యే పుస్తకం కోడ్‌ను మొదటి ఏడాదిలోనే ఖర్చు చేసుకుంటారు. ఆ సబ్జెక్టు నిజంగా చదవడం మొదలుపెట్టే వారం దాకా ఆగండి, వాడాల్సిన తేదీ మాత్రం దాటనివ్వకండి. ఆ తేదీని ఫోన్ క్యాలెండర్లో పెట్టుకుంటే సరిపోతుంది.

గీకడంలోనూ పద్ధతి ఉంది. తాళంచెవి, బ్లేడు వాడితే పట్టీతోపాటు కింద కాగితం పొర కూడా లేచి ఒకటి రెండు అక్షరాలు పోతాయి. పుస్తకాన్ని బల్ల మీద చదునుగా పెట్టి, రూపాయి బిళ్ల అంచుతో ఒకే వైపుకు తేలిగ్గా గీకాలి. కోడ్ బయటపడగానే, సైటులో కొట్టకముందే, వెలుతురులో పేజీ మొత్తం వచ్చేలా ఫోటో తీయండి. తర్వాత ఏ తేడా వచ్చినా సపోర్టు వాళ్లు అడిగేది ఈ ఫోటో, పుస్తకం వెనక ఉన్న ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు), కొన్న బిల్లు. బిల్లు మీద ‘బుక్స్’ అని ఒక్క ముక్క రాసి ఇస్తే పనికిరాదు. పుస్తకం పేరు, ఎడిషన్, తేదీ రాయించుకోవాలి.

ఖాతా తెరిచేటప్పుడు కాలేజీ ఇచ్చిన మెయిల్ కాకుండా సొంత మెయిల్ వాడండి. చదువు అయిపోయాక కాలేజీ మెయిల్ మూసేస్తే పాస్‌వర్డ్ మార్చుకునే దారే ఉండదు. ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ ముందు గమనించరు. కొన్ని సైట్లలో ‘గూగుల్‌తో లాగిన్’ బటన్ ఒకటి, మెయిల్-పాస్‌వర్డ్ పెట్టెలు వేరే ఉంటాయి. మెయిల్ ఒకటే అయినా ఈ రెండు దారుల్లో వెళ్తే రెండు ఖాతాలు తయారవుతాయి. మొదటిసారి గూగుల్ బటన్‌తో వెళ్లి కోడ్ కొట్టి, వారం తర్వాత పాస్‌వర్డ్‌తో వెళ్తే పుస్తకాల అర ఖాళీగా కనపడుతుంది. కంగారుపడి కోడ్ మళ్లీ కొడితే ‘ఈ కోడ్ ఇప్పటికే వాడారు’ అంటుంది. కొట్టువాళ్లతో గొడవకు దిగేముందు మొదట ఏ దారిలో వెళ్లారో గుర్తు తెచ్చుకుని ఆ దారిలో ఒకసారి చూడండి.

కోడ్ కొట్టేటప్పుడు సున్నాకు బదులు ఇంగ్లిష్ ‘ఓ’, ఒకటికి బదులు ‘ఐ’ పడటం మామూలు పొరపాటు. మధ్యలో అడ్డగీతలు ఉంటే వాటితో సహా కొట్టాలి. ఫోటో నుంచి కాపీ చేసి అతికిస్తే చివర ఒక ఖాళీ వచ్చి చేరుతుంది, అదొక్కటే చాలు తప్పు అనడానికి. రెండుసార్లు కుదరకపోతే ఆగి, ఒక్కొక్క అక్షరం సరిచూడండి. వరసగా తప్పు కొడుతూ పోతే కొన్ని సైట్లు ఖాతాను కాసేపు ఆపేస్తాయి.

దేశం సంగతి మర్చిపోవద్దు. పెద్ద విదేశీ పాఠ్యపుస్తకాలకు భారత ఉపఖండం కోసం తక్కువ ధర ప్రతులు వేరుగా అచ్చవుతాయి. అట్ట ఒకటే, లోపల పాఠం దాదాపు ఒకటే, కానీ ఆన్‌లైన్ భాగం ఉండకపోవచ్చు, లేదా తక్కువ ఉండొచ్చు. విదేశీ సైటులో పుస్తకం గురించి రాసింది చదివి గుంటూరులో కొంటే నిరాశే. చేతిలో ఉన్న ప్రతి వెనక అట్ట మీద ఏం రాసుందో అదే లెక్క. అలాగే విదేశం నుంచి తెప్పించుకున్న ప్రతి కోడ్ ఇక్కడి ఖాతాకు పట్టకపోవచ్చు.

గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత ప్రతి కొంటుంటే, కోడ్ వాడేసిందే అని లెక్కేసుకుని బేరం ఆడండి. పట్టీ గీకకుండా ఉన్నా తేదీ దాటి ఉండొచ్చు. నకిలీ అచ్చు అయితే పట్టీ కూడా బొమ్మగానే అచ్చవుతుంది, గీకితే కాగితమే చిరుగుతుంది. అది గీకే పట్టీయో బొమ్మో గోటితో అంచు తడిమితే తెలుస్తుంది: అసలు పట్టీకి పలచని ఎత్తు ఉంటుంది.

మా మాట: కోడ్‌ను కొసరుగా చూడండి, అసలుగా కాదు. అచ్చు పుస్తకం దాని ధరకు తగినదైతేనే కొనండి. కోడ్ ఉన్న ప్రతి, లేని ప్రతి రెండూ దొరుకుతూ మధ్యలో తేడా బాగా ఉంటే, ప్రశ్నల బ్యాంకు నిజంగా చేసేవాళ్లకే ఆ తేడా గిట్టుతుంది.

పోటీ పరీక్షల యాప్ పుస్తకాలు

గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలకు పుస్తకం, టెస్టులు, వీడియోలు కలిపి ఒక యాప్‌లో అమ్మే పద్ధతి మన దగ్గర బాగా పెరిగింది. ఇక్కడ మొదట అడగాల్సింది గడువు రోజుల్లోనా, పరీక్ష దాకానా అని. ‘180 రోజులు’ అని ఉంటే పరీక్ష వాయిదా పడినా గడువు వాయిదా పడదు. మన దగ్గర పరీక్షలు వాయిదా పడటం కొత్త కాదు కాబట్టి ‘పరీక్ష రాసే రోజు వరకు’ అని రాసి ఇచ్చేవాళ్లకు కాస్త ఎక్కువ కట్టినా తప్పులేదు. మాటతో చెప్పింది లెక్క కాదు, యాప్‌లోని షరతుల పేజీలోనో మెసేజ్‌లోనో ఉండాలి.

రెండోది, ఫోన్ ముడి. ఈ యాప్‌లలో చాలావరకు ఒక్క ఫోన్‌కే తెరుచుకుంటాయి. మీరు మొదటిసారి లాగిన్ అయిన ఫోన్ గుర్తును సర్వర్‌లో దాచుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆ గుర్తు మారిపోతుంది, అంటే ఫోన్ అదే అయినా యాప్‌కు కొత్త ఫోన్‌లా కనపడుతుంది. అందుకే ఫోన్ రిపేరుకు ఇచ్చేముందు, కొత్తది కొనేముందు యాప్‌లో లాగవుట్ చేయండి. లాగవుట్ చేయకుండా పాత ఫోన్ అమ్మేస్తే వాళ్ల సపోర్టుకు రాసి ముడి విప్పించుకోవాలి. ఎన్నిసార్లు విప్పుతారో ముందే అడిగి పెట్టుకోండి. ఓటీపీ వచ్చే నంబరు మీ పేరు మీదే ఉండాలి. కోచింగ్ సెంటర్లో స్నేహితుడి నంబరు ఇచ్చి చేరితే, ప్రతి లాగిన్‌కూ అతన్ని పిలవాలి.

మూడోది, స్క్రీన్‌షాట్ పని చేయకపోవడం. అది ఫోన్ లోపం కాదు, యాప్ కావాలనే ఆపుతుంది. నోట్సు చేతితో రాసుకోవాల్సిందే. అచ్చు పుస్తకం కూడా పంపే ప్యాకేజీ అయితే ఈ బాధ తగ్గుతుంది, మా లెక్కలో ఈ రకంలో కొనదగ్గవి అవే. అచ్చు లేకుండా యాప్ ఒక్కటే అమ్మేదానికి ఏడాది డబ్బు ఒకేసారి కట్టడం కంటే, నెలకో మూడు నెలలకో కట్టే వీలుంటే అదే మేలు.

గూగుల్ ప్లే బుక్స్, కిండిల్

ఈ రెండిట్లో పుస్తకానికి గడువు ఉండదు, కొన్నది ఖాతాలో ఉంటుంది. అయినా అది సొంతమని అనుకోవడానికి లేదు. అమెజాన్ వాళ్ల కిండిల్ షరతుల్లోనే పుస్తకం అమ్మడం లేదు, లైసెన్సు ఇస్తున్నాం అని ఉంటుంది. 2009 జులైలో హక్కులు లేనివాళ్లు పెట్టిన కొన్ని పుస్తకాలను అమెజాన్ పాఠకుల కిండిల్‌ల నుంచే తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణాన్ని 2019 ఏప్రిల్లో మూసేసింది, ఆ జులై నుంచి కొన్న పుస్తకాలు కూడా తెరుచుకోలేదు. వాళ్లూ డబ్బు వెనక్కి ఇచ్చారు, కానీ పుస్తకం పోయింది పోయిందే. కాబట్టి ఏ దుకాణంలో కొన్నా, బయటికి తీసుకుని దాచుకునే దారి ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఆ దారి గూగుల్ ప్లే బుక్స్‌లో మెరుగ్గా ఉంది. కంప్యూటర్ బ్రౌజర్లో మీ పుస్తకాల పేజీకి వెళ్లి, పుస్తకం పక్కన మూడు చుక్కలు నొక్కితే ‘ఎక్స్‌పోర్ట్’ అని వస్తుంది. కాపీ చేయకుండా ప్రచురణకర్త డిజిటల్ తాళం వేయకపోతే ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రకం) లేదా పీడీఎఫ్ నేరుగా దిగుతుంది. తాళం ఉంటే ఏసీఎస్‌ఎం అనే చిన్న ఫైలు దిగుతుంది, దాని సంగతి కింద చెప్తాం. కిండిల్‌లో పుస్తకాన్ని కంప్యూటర్‌కు దించుకుని కేబుల్‌తో ఎక్కించే సౌకర్యాన్ని 2025 ఫిబ్రవరి 26న తీసేశారు. యాప్‌లో ఆఫ్‌లైన్‌గా చదువుకోవడానికి ఇబ్బంది లేదు, విడిగా దాచుకోవడం మాత్రం కష్టమైంది. ఒక్కో పుస్తకాన్ని ఒకేసారి ఎన్ని పరికరాల్లో పెట్టుకోవచ్చో ప్రచురణకర్త నిర్ణయం, మామూలుగా 6. కిండిల్ అన్‌లిమిటెడ్ వేరే లెక్క. అది నెలసరి అద్దె, ఒకసారికి 20 పుస్తకాలు దగ్గర పెట్టుకోవచ్చు, చందా ఆపిన తర్వాత అవి తెరుచుకోవు. ‘సున్నా రూపాయలు’ అని కనపడే బటన్ చాలాసార్లు ఆ చందాలో చేరేదే, నొక్కేముందు పక్కనున్న అక్షరాలు చదవండి. ఫోన్ యాప్‌లో కొనే బటన్ కనపడకపోతే యాప్ పాడైందనుకోవద్దు. బ్రౌజర్లో అమెజాన్ తెరిచి కొంటే పుస్తకం యాప్‌లోకి వస్తుంది.

తెలుగు పుస్తకం కొనేవాళ్లు దీన్ని తప్పకుండా చూసుకోవాలి. గూగుల్ ప్లేలో పుస్తకం వివరాల్లో ‘ఫ్లోయింగ్ టెక్స్ట్’, ‘ఒరిజినల్ పేజెస్’ అన్న రెండు మాటల్లో ఒకటో, రెండూనో ఉంటాయి. మొదటిది ఉంటే అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, వెతకొచ్చు. రెండోది ఒక్కటే ఉంటే అది పేజీ బొమ్మ. ఆరంగుళాల ఫోన్‌లో డెమీ సైజు పేజీ మొత్తం కుదించుకుపోయి, ప్రతి పేరాకూ వేళ్లతో సాగదీసి, పక్కకు జరుపుకుంటూ చదవాలి. తెలుగులో ఈ రకం ఎందుకు ఎక్కువంటే, మన అచ్చు పని చాలాకాలంగా పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో జరుగుతోంది. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు తెలుగును తెలుగుగా గుర్తించే పద్ధతి) కావు. లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలే, పైకి కనపడే ఆకారం మాత్రమే తెలుగు. అందుకే ఆ పీడీఎఫ్‌లో ‘రాజ్యాంగం’ అని వెతికితే, కళ్లముందే ఆ మాట ఉన్నా ఫలితం సున్నా. ఒక వాక్యం కాపీ చేసి అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. నవలకైతే సర్దుకోవచ్చు. వెతుక్కుంటూ చదవాల్సిన చరిత్ర, చట్టం, వ్యాకరణం పుస్తకాలకు ఇది పెద్ద లోటు. అలాంటివి ‘ఫ్లోయింగ్ టెక్స్ట్’ లేకపోతే అచ్చులోనే కొనడం మంచిదని మా గట్టి అభిప్రాయం.

దీన్ని కొనకుండానే పరీక్షించే వీలుంది. ముందు ఉచిత నమూనా దించి, మీరు రోజూ చదివే ఫోన్‌లోనే తెరవండి. అక్షరం సైజు పెంచే గుర్తు ఉందా, ఒక తెలుగు మాట వెతికితే దొరుకుతోందా, ఒత్తులు విడిపోయి కనపడుతున్నాయా చూడండి. రెండు నిమిషాల పని. కొన్నాక తేడా అనిపిస్తే, రెండు చోట్లా 7 రోజుల్లోపు వాపసు అడగొచ్చు. గూగుల్‌లో అద్దెకు తీసుకున్న పుస్తకాలకు ఆ వీలు లేదు. పుస్తకం చాలా వరకు చదివేశాక అడిగితే ఒప్పుకోరు, అది న్యాయమే.

ఏసీఎస్‌ఎం ఫైలు, అడోబీ డిజిటల్ ఎడిషన్స్

తెలుగు పాఠకుల్లో చాలామందికి ఈ పద్ధతి తెలుగు ఈ-పుస్తకాల సైటు కినిగె ద్వారా పరిచయం. డబ్బు కట్టాక కొన్ని కేబీల చిన్న ఫైలు దిగుతుంది. అది పుస్తకం కాదు, పుస్తకం తెచ్చుకునే టోకెను. దాన్ని వాట్సాప్‌లో పంపుకున్నా, పెన్‌డ్రైవ్‌లో దాచినా ఉపయోగం లేదు. కంప్యూటర్లో ఈ తాళం పుస్తకాలు చదివించే అడోబీ డిజిటల్ ఎడిషన్స్ ప్రోగ్రాం ఎక్కించి, అడోబీ ఐడీతో దాన్ని ఆథరైజ్ చేసి, అంటే ఆ కంప్యూటర్‌ను మీ ఐడీకి ముడిపెట్టి, ఆ తర్వాతే టోకెను ఫైలు తెరవాలి. వరస తప్పితే చిక్కు వస్తుంది. ఆథరైజ్ చేసేటప్పుడు ‘ఐడీ లేకుండా’ అన్న గడి ఉంటుంది, తొందరలో దాన్ని టిక్కు పెడతారు. అప్పుడు పుస్తకం ఆ ఒక్క కంప్యూటర్‌కే అతుక్కుపోతుంది, ఫోన్‌లోకి రాదు.

ఒక ఐడీతో తెరిచిన టోకెనును ఇంకో ఐడీతో తెరిస్తే ‘ఈ లిక్ ఆల్రెడీ ఫుల్‌ఫిల్డ్ బై అనదర్ యూజర్’ అన్న ఎర్రర్ వస్తుంది. ఇంట్లో అన్న ఐడీతో కంప్యూటర్ ఆథరైజ్ అయి ఉండగా చెల్లెలు తన పుస్తకం తెరిస్తే, చెల్లెలి పుస్తకం అన్న పేరున పడుతుంది. తర్వాత ఆమె తన ఫోన్‌లో తెరవబోతే ఈ ఎర్రరే. ‘రిక్వెస్ట్ ఎక్స్‌పైర్డ్’ అని వస్తే టోకెను పాతబడింది, లేదా కంప్యూటర్ గడియారం తప్పుగా ఉంది. తేదీ సరిచేసి, దుకాణం నుంచి ఫైలు మళ్లీ దించుకోండి. ఒక ఐడీకి 6 కంప్యూటర్లు, 6 పరికరాల దాకా పరిమితి. ఫార్మాట్ కొట్టేముందు ఆథరైజేషన్ తీసేయకపోతే ఒక చోటు వృథా అవుతుంది. కంట్రోల్, షిఫ్ట్, డి కలిపి నొక్కితే తీసేసే పెట్టె వస్తుంది. చదువుల కోసం ఎక్కువగా వాడే వైటల్‌సోర్స్ బుక్‌షెల్ఫ్‌లో ఈ పరిమితి ఇంకా తక్కువ: దించుకోవడానికి 2 కంప్యూటర్లు, 2 ఫోన్లు లేదా ట్యాబ్‌లు.

మొదటి గంట విసిగిస్తుంది, నిజమే. ఒకసారి సరిగ్గా అమర్చుకుంటే మాత్రం పుస్తకం మీ డిస్కులోనే ఉంటుంది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది.

కాలేజీ లాగిన్

కొనేముందు మీ కాలేజీ లైబ్రేరియన్‌ను ఒక మాట అడగండి. కాలేజీ లైబ్రరీలకు ఆన్‌లైన్ వనరులు అందించే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఎన్-లిస్ట్ పథకంలో చేరిన డిగ్రీ కాలేజీ విద్యార్థులకు ఇంటి నుంచి వాడుకునే ఐడీ ఇస్తారు, అందులో ఈ-పుస్తకాలు ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఎవరైనా ఉచితంగా ఖాతా తెరవొచ్చు. కాలేజీ విడిగా కొన్న పుస్తకాలు కొన్ని క్యాంపస్ వైఫై మీదే తెరుచుకుంటాయి, హాస్టల్ బయటి గదిలో మొబైల్ డేటాతో రావు.

ఇక్కడ ఒక మర్యాద పాటించాలి. లైబ్రరీ పుస్తకాన్ని ఒకేసారి ఒకరో ముగ్గురో మాత్రమే చదివే లైసెన్సులు ఉంటాయి. చదివాక ట్యాబ్ మూసేస్తే చాలదు, లాగవుట్ నొక్కాలి. లేకపోతే మీ కుర్చీ సెషన్ గడువు తీరేదాకా ఖాళీ కాదు, పరీక్షల వారంలో ఇంకొకరు బయట నిలబడతారు. ఒకేసారి వందల పేజీలు దించితే ప్రచురణ సంస్థ కాలేజీ మొత్తానికి తాత్కాలికంగా దారి మూసేసే ప్రమాదం కూడా ఉంది.

డబ్బు కట్టేటప్పుడు

అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. అచ్చు ప్రతి ఉన్న ఈ-పుస్తకానికి 2018 జులై నుంచి 5 శాతం. అచ్చులో లేని, ఆన్‌లైన్‌కే తయారైన వాటికి 18 శాతం. రూ.500 మీద అది రూ.25కూ రూ.90కీ ఉన్న తేడా. చూపిన ధరలో పన్ను కలిసిందో లేదో చివరి పేజీలో చూడండి.

విదేశీ సైటులో డాలర్లలో కడితే కార్డు బ్యాంకు మార్కప్, అంటే అదనపు రుసుము, వేస్తుంది. 3.5 శాతం అనుకుంటే రూ.4,000కు రూ.140, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.25.20. మొత్తం రూ.4,165.20. 2020 నుంచి కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట మూసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి. పని అయ్యాక మళ్లీ మూసేయండి.

యూపీఐలో డబ్బు కట్ అయి పుస్తకం రాకపోతే వెంటనే రెండోసారి కట్టొద్దు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం వ్యాపారికి చేరని చెల్లింపు లావాదేవీ తేదీ నుంచి 5 రోజుల్లోపు వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం. ఏడాది చందాలకు ఆటోపే (గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) పెట్టమంటే, రూ.15,000 లోపు చెల్లింపులు ప్రతిసారీ ఓటీపీ అడగకుండానే పోతాయని గుర్తుంచుకోండి. 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, ఆపుకోవడానికి ఉన్న సమయం అదే. పుస్తకం చేతికొచ్చిన రోజే యూపీఐ యాప్‌లో ఆటోపే రద్దు చేసినా, కట్టిన కాలానికి పుస్తకం మామూలుగా నడుస్తుంది.

ఇక టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌లు, ఒకరి లాగిన్‌ను పదిమంది పంచుకోవడం. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా ఉంది. డిజిటల్ తాళం విరగ్గొట్టడాన్ని 2012లో చేర్చిన సెక్షన్ 65ఏ చూసుకుంటుంది. లాగిన్ పంచుకుంటే ఇంకో నష్టమూ ఉంది: రెండు ఊళ్ల నుంచి ఒకేసారి తెరిచినట్టు కనపడగానే ఖాతా ఆగిపోవచ్చు, అప్పుడు డబ్బు కట్టినవాళ్లే ముందు నష్టపోతారు. తెలుగులో వెయ్యి ప్రతులు అమ్ముడుపోవడమే గగనమైన పుస్తకాన్ని అలా పంచితే రాసినవాళ్లకు మిగిలేది ఏమీ ఉండదు.

తేడా వస్తే

మొదట అమ్మినవాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ రాయండి. ఫోన్లో చెప్పింది రికార్డు కాదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మెయిల్లో ఆర్డర్ నంబరు, కట్టిన తేదీ, యూపీఐ లావాదేవీ నంబరు, ఎర్రర్ స్క్రీన్‌షాట్, కోడ్ పేజీ ఫోటో, బిల్లు పెట్టండి. మీకు కావాల్సింది ఒకే వాక్యంలో అడగండి: కొత్త కోడా, గడువు పొడిగింపా, డబ్బు వాపసా. మూడూ కలిపి అడిగితే ‘పరిశీలిస్తున్నాం’ అన్న జవాబే వస్తుంది. చందా నుంచి బయటపడే బటన్ దాచిపెడితే, 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను బోల్తా కొట్టించే సైటు ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో అది ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ కిందికి వస్తుందని మెయిల్లోనే రాయండి.

అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక అమ్మినవాళ్లు ఢిల్లీలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, మీరుండే విజయవాడలోనో గుంటూరులోనో కేసు వేయొచ్చు. ఆన్‌లైన్లో వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా కూడా వేయొచ్చు. కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. అప్పటికి అమ్మినవాళ్లు సైటులో షరతులు మార్చేసి ఉండొచ్చు. అందుకే డబ్బు కట్టే రోజునే, కట్టే బటన్ నొక్కకముందు, ఆ షరతుల పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా దాచి పెట్టుకోండి. బ్రౌజర్లో ప్రింట్ నొక్కి ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకుంటే చాలు.